నాన్న రిపోర్టులో అన్నీ ‘ఆర్’లే

ప్రశ్న: డాక్టర్ గారూ, పక్షవాతం వచ్చి నాన్న పన్నెండు రోజులు ఐసీయూలో ఉన్నారు. వెంటిలేటర్ పెట్టిన అయిదో రోజు జ్వరం మొదలైంది. కఫం కల్చర్‌లో (క్రిమిని పెంచి చూసే పరీక్ష) క్లెబ్సియెల్లా అనే క్రిమి ఉందనీ, మందుల పేర్లకెదురుగా దాదాపు అన్నీ ‘ఆర్’ అనీ వచ్చిందని ఫోన్‌లో చూపించారు. డిశ్చార్జ్ సమ్మరీలో ‘న్యుమోనియా’ అని ఒక్క ముక్కే రాశారు. ముక్కులో ఫుడ్ పైపుతో ఇంటికొచ్చారు. మా బాబుకి రెండేళ్లు, తాతయ్య దగ్గరికి పంపొచ్చా? ఇలాంటివి ప్రభుత్వానికి చెప్పరా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: పంపండమ్మా. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని ఈ క్రిమి మామూలుగా ఏమీ చేయదు. పైపు ముట్టుకునే ముందూ తర్వాతా, డైపర్ మార్చాకా మీరు సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు.

‘ఆర్’ అంటే రెసిస్టెంట్, ఆ మందుకి లొంగదని. ల్యాబులో నా పని రోజూ ఇదే. ప్లేటు మీద క్లెబ్సియెల్లా గులాబీ రంగులో జిగటగా పెరుగుతుంది, ఒక్కోసారి లూపు అనే సన్నని తీగతో లాగితే తీగపాకంలా సాగుతుంది. ఇంకో ప్లేటులో మందు బిళ్లలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది. మెరోపెనెమ్ అనే బలమైన యాంటీబయాటిక్ బిళ్లని ఆనుకుని క్రిమి పెరిగిన ప్లేటు చేతిలోకి వస్తే, ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్లే గుర్తొస్తారు నాకు.

ఇన్‌ఫెక్షన్ ఆసుపత్రిలో చేరిన 48 గంటలు దాటాక మొదలైతే అక్కడ అంటినదిగానే లెక్కిస్తాం. అంతమాత్రాన నిర్లక్ష్యమని కాదు, వెంటిలేటర్ గొట్టమే క్రిమికి దారి. కానీ సమ్మరీలో ఆ క్రిమి పేరు రాయకపోవడం తప్పే. రేపు నాన్నగారికి మళ్లీ జ్వరమొస్తే, అక్కడి డాక్టరు పనిచేయని మందుతోనే మొదలుపెట్టి రెండు మూడు రోజులు పోగొట్టుకుంటారు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2013 నుంచి ఇలా మందులకి లొంగని క్రిములపై నిఘా నెట్‌వర్క్ నడుపుతోంది, జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రానికి (ఎన్‌సీడీసీ) ఇంకొకటుంది. వాటిలో చేరిన ఆసుపత్రుల లెక్కలే అక్కడికి వెళతాయి. మిగతావి చాలావరకు ఆసుపత్రి గోడలు దాటవు. ఇంగ్లండ్‌లో ఎంఆర్‌ఎస్‌ఏ అనే, మందులకి లొంగని మరో క్రిమి రక్తంలో దొరికితే తెలియజేయడం అక్కడి ప్రభుత్వ (ఎన్‌హెచ్‌ఎస్) ఆసుపత్రులకి 2001 నుంచి తప్పనిసరి. మనకీ అలాంటి నియమం రావాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనొకణ్ని.

మీరు చేయాల్సింది ఒకటుంది. కల్చర్ రిపోర్టు కాపీ, క్రిమి పేరు చేర్చిన సమ్మరీ కావాలని కాగితం మీద రాసివ్వండి. వైద్య మండలి 2002 నియమాల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. రిపోర్టుని ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి. మళ్లీ ఎక్కడ చేర్చినా, క్యాజువాలిటీలో బీపీ చూసేలోపే చూపించండి.