పడవకు రేవు కరెంటు: ఫిక్స్‌డ్ చార్జీనా, మీటరా?

ప్రశ్న: మేము మేరీలాండ్‌లోని అన్నాపొలిస్‌లో ఉంటాం. ఈ మధ్యే 28 అడుగుల పాత పడవ కొన్నాం. మెరీనాలో (పడవలు నిలిపే రేవులో) కరెంటుకు నెలకు 60 డాలర్ల ఫిక్స్‌డ్ చార్జీ కట్టొచ్చు, లేదా మీటరు మీద యూనిట్‌కు 20 సెంట్లు. చలికాలం నాలుగు నెలలూ 1,500 వాట్ల హీటరు వేసి ఉంచాలనుకుంటున్నాం. ఏది లాభం? పక్కన పెట్టిన 1,200 డాలర్లతో చిన్న జనరేటరు కొనమంటారా?

జవాబు: జనరేటరు వద్దు. డెక్ మీద పెట్రోలు జనరేటరు నడిపితే కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి చేరుతుంది, నిద్రలోనే ప్రాణం పోతుంది. పైగా రేవులో 30 ఆంప్స్ సాకెట్ పక్కనే ఉంది.

60 డాలర్లకు మీటరు మీద 300 యూనిట్లు వస్తాయి. బ్యాటరీ చార్జర్ సగటున 40 వాట్లు లాగితే నెలకు 29 యూనిట్లు. వారాంతాల్లో ఏసీ వేసినా ఇంకో 64. అంటే వేసవి బిల్లు 20 డాలర్లు దాటదు. హీటరు సగం సేపు తిరిగినా నెలకు 540 యూనిట్లు, 108 డాలర్లు. ఇన్ని లెక్కేసినా ఏడాదికి మీటరే సుమారు వంద డాలర్లు చవక. అయితే మనిషి లేని పడవలో హీటరు వదిలేయడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ఇంజిన్‌లోని నీళ్లు తీయించి, చలికి గడ్డకట్టని యాంటీఫ్రీజ్ ద్రవం పోయించి, హీటరు లేకుండానే ఉంచండి. మీటరు తీసుకోండి.

ఇక ఆ 1,200 డాలర్లు. పాత పడవ కదా, ముందు రేవు కరెంటు వైరు ప్లగ్ ఊడదీసి చూడండి. పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగిందా? వదులైన పిన్ను దగ్గర వేడి పుట్టి అలా మాడుతుంది, నిప్పంటుకునేదీ అక్కడే. మాడితే వైరు ఒక్కటే కాదు, పడవ మీది ఇన్‌లెట్ (ఆ ప్లగ్ గుచ్చే సాకెట్) కూడా మార్చాలి, లేకపోతే కొత్త ప్లగ్ కూడా కాలుతుంది. ఇంట్లో వాడే ఎక్స్‌టెన్షన్ వైరు అసలు వాడకండి.

తర్వాత గాల్వానిక్ ఐసొలేటర్, అంటే ఎర్త్ వైరు గుండా తుప్పు పట్టించే చిన్న కరెంటును ఆపే పరికరం. రేవు కరెంటు ఎర్త్ వైరు మీ పడవను పక్క పడవలతో కలుపుతుంది. అప్పుడు వాళ్ల లోహాలకు బదులు మీ జింక్ దిమ్మలు (మిగతా లోహాలకు బదులు తాము అరగడానికే పడవకు బిగించేవి), అవి అరిగాక ప్రొపెల్లర్, షాఫ్ట్ తినేయబడతాయి. ఈ తుప్పు నష్టాన్ని చాలా ఇన్సూరెన్స్ పాలసీలు చెల్లించవు, అందుకే ముందు దీనికే ఖర్చు పెట్టమంటున్నాను. జింక్ సగం అరగగానే మార్చండి. మిగిలిన డబ్బుతో 30 మిల్లీఆంప్స్ లీకేజీకే ట్రిప్పయ్యే ఇఎల్‌సీఐ బ్రేకరు, మెరైన్ ఎలక్ట్రీషియన్‌తోనే పెట్టించండి. పడవలోంచి నీళ్లలోకి కరెంటు లీకైతే ఈతకు దిగినవాళ్లు కాళ్లూ చేతులూ ఆడక మునిగిపోతారు. బ్రేకరు పెట్టించినా పిల్లల్ని రేవు దగ్గర నీళ్లలో దిగనివ్వకండి.

వైరు కలిపేటప్పుడు రేవు వైపు బ్రేకరు ఆఫ్ చేసి, ముందు పడవ వైపు ప్లగ్, తర్వాత రేవు వైపు ప్లగ్ పెట్టి మెలితిప్పండి. తీసేటప్పుడు రేవు వైపు ముందు. మొత్తం లోడు ఎడతెరిపి లేకుండా 24 ఆంప్స్ దాటకూడదు. ఏసీ, నీళ్ల హీటరు ఒకేసారి వేయకండి.