69 ఏళ్ల వయసులో స్మార్ట్ టీవీ కోసం ఈఎంఐ పెట్టుకోవాలా?

ప్రశ్న: నా వయసు 69. పెన్షన్, డిపాజిట్ల మీద వచ్చే వడ్డీ, ఈ రెండింటితోనే నేనూ మా ఆవిడా నడుపుకుంటున్నాం. ఇంట్లో టీవీ పాతదే కానీ బాగానే పనిచేస్తోంది. పిల్లలు స్మార్ట్ టీవీ కొనుక్కోమని పోరుతున్నారు. ఫోన్‌లో కాల్స్, మెసేజ్‌లు తప్ప నాకు పెద్దగా ఏమీ రావు. షాపులో వడ్డీ లేకుండా 18 నెలల వాయిదాల్లో ఇస్తామన్నారు. ఇప్పటికే ఫోన్ ఈఎంఐ ఒకటి కడుతున్నాను. సేవింగ్స్ ఖాతాలో నెలన్నర ఖర్చులకు సరిపడా ఉంది, మిగతాదంతా దీర్ఘకాల డిపాజిట్లలో ఉంది, వాటిని కదిలించడం ఇష్టం లేదు. స్మార్ట్ టీవీ నాలాంటి వాడికి పనికొస్తుందా? వాయిదాల్లో కొనొచ్చా?

జవాబు: రెండో ప్రశ్నకే ముందు చెబుతానండీ. వాయిదాల్లో వద్దు.

మీరు అడిగింది టీవీ గురించి. నన్ను టెన్షన్ పెట్టింది మాత్రం మధ్యలో మామూలుగా అనేసి వెళ్లిపోయిన ఆ ‘నెలన్నర’. పెద్దవయసు వాళ్ల దగ్గర నుంచి వచ్చే ప్రశ్నల్లో ఇదే పదేపదే చూస్తుంటాను, అందుకే మీకు కాస్త వివరంగా రాస్తున్నాను. డిపాజిట్‌ను ముట్టుకోకూడదని పట్టుదలగా ఉంటారు, ఆ పట్టుదలతోనే వెళ్లి అప్పు చేస్తారు. చూడ్డానికి జాగ్రత్తపరుడి లెక్కలా ఉంటుంది. కానీ చేతిలో ఉండాల్సిన డబ్బు చేతిలో లేదు, పైగా ప్రతినెలా కట్టి తీరాల్సినవి ఒకటికి రెండయ్యాయి. రేపు ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగుండక ఆసుపత్రిలో చేరితే, ముందు కట్టమనే అడ్వాన్సు ఎక్కడి నుంచి తెస్తారు? బీమా ఉన్నా దాని పరిధిలోకి రాని ఖర్చులు కొన్ని తగులుతూనే ఉంటాయి. ఏదో కాగితం పని తేలక పెన్షన్ ఒక నెల ఆగిందనుకోండి, అప్పుడేం చేస్తారు? టీవీ వాయిదా, ఫోన్ వాయిదా మాత్రం ఆ నెలా ఆగవు.

ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఆరు నెలల ఖర్చులు పక్కన పెట్టుకోమంటాను. మీకు తొమ్మిది నెలలకు తగ్గొద్దంటాను. కారణం ఒక్కటే, ఈ నిధి ఒకసారి ఖాళీ అయితే జీతగాడు ఏడాదిలో మళ్లీ నింపుకోగలడు, ఓవర్‌టైమో ఇంకో పనో చూసుకుంటాడు, మీకు ఆ దారి లేదు. మీ ఆదాయం దాదాపు అంతే ఉంటుంది, ఖర్చులు మాత్రం పెరుగుతూ పోతాయి. నెలన్నర అంటే నా దృష్టిలో అత్యవసర నిధి లేనట్టే.

డిపాజిట్లన్నీ బద్దలు కొట్టమని కాదు. ఈసారి ఏది ముందుగా మెచ్యూర్ అవుతుందో చూసి, దాన్ని మొత్తంగా మళ్లీ దీర్ఘకాలానికి వేసేయకండి. అందులో కొంత సేవింగ్స్ ఖాతాలోకి తెచ్చుకుని, మిగిలింది ఒక్కోటి ఒక నెల ఖర్చుకు సరిపడేలా చిన్న చిన్న డిపాజిట్లుగా విడగొట్టండి. అవసరం పడినప్పుడు ఒక్కటి తీస్తే చాలు, మిగతావాటి వడ్డీ చెడదు. ఏది ఎక్కడుందో మీ ఆవిడకు తెలిసి ఉండాలి, వీలైతే ఆమె పేరు కూడా జాయింటుగా ఉండాలి. ఈ పని అయ్యేదాకా టీవీ సంగతి పక్కన పెట్టండి.

ఇక ‘వడ్డీ లేకుండా’ అన్నమాట. డబ్బు ఊరికే ఎవరూ ఇవ్వరు. రొక్కం పెట్టేవాడికి దక్కే తగ్గింపు వాయిదాల వాడికి దక్కకపోవచ్చు, ప్రాసెసింగ్ ఫీజు వేరే ఉండొచ్చు. మొత్తం ఒకేసారి ఇస్తే ఎంతకిస్తారో షాపులో అడగండి, ఆ ధరకూ మీరు కట్టబోయే వాయిదాల మొత్తానికీ ఉన్న తేడానే మీ వడ్డీ. ‘పన్నెండు శాతం ఫ్లాట్’ అని చెప్పే అప్పులైతే ఇంకా ఘోరం. నెలనెలా అసలు తగ్గుతున్నా వడ్డీని మాత్రం మొదటి అసలు మీదే వేస్తారు కాబట్టి, ఏడాది వాయిదాలకు అది నిజానికి సుమారు 21.5 శాతం అవుతుంది. క్రెడిట్ కార్డు మీద తీసుకుని, ఏదో కారణాన కట్టలేక, నెలకు 3 శాతం చొప్పున వడ్డీ పడుతూ పోయిందనుకోండి, చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటిపోతుంది. నెలకు ఇంతేగా అని వాయిదా ఒక్కటే చూసి సంతకం పెట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది, వాళ్ల మీద కన్నా వాళ్ల చేత అలా పెట్టించేవాళ్ల మీద ఎక్కువ.

సరే, అసలు టీవీ మీకు పనికొస్తుందా? పనికి రాకపోవడానికి వయసు కారణం కాదు. ఇంటర్నెట్ లేకపోతే స్మార్ట్ టీవీ పనిచేయదని చాలామంది అనుకుంటారు. ఇప్పుడున్న సెట్‌టాప్ బాక్స్ దానికి తగిలిస్తే మామూలు టీవీలాగే నడుస్తుంది. ఆన్ చేయగానే నేరుగా ఆ ఛానెళ్లే వచ్చేలా సెట్ చేసుకునే వీలు చాలా మోడళ్లలో ఉంటుంది, కొనేముందు షాపులోనే అది చేసి చూపించమనండి. విసుగు పుట్టించేవి వేరే ఉన్నాయి: రెండు రిమోట్లు, తెర నిండా పేర్చిన బొమ్మలు, ప్రకటనలు, అప్‌డేట్ అని మధ్యలో ఆగిపోవడం, ఓ పొద్దున ఉన్నట్టుండి మళ్లీ లాగిన్ అవ్వమని పాస్‌వర్డ్ అడగడం. పాస్‌వర్డ్ అడిగిన రోజు మీ పక్కన ఎవరుంటారన్నది ముఖ్యం. పిల్లలు దూరంగా ఉంటే ప్రతిసారీ ఫోన్ చేసి అడగాలి, వాళ్లకూ విసుగే, మీకూ చిన్నతనంగా ఉంటుంది.

అందుకని కొనేముందు ఓ పని చేయండి. పిల్లల ఇంట్లోనో తెలిసినవాళ్ల ఇంట్లోనో స్మార్ట్ టీవీ ఉంటే, రిమోట్ మీ చేతికి తీసుకోండి. ఆన్ చేయడం, ఒక వీడియో వెతికి పెట్టడం (మైకు బొమ్మ ఉన్న బటన్ నొక్కి నోటితో చెప్పినా సరే), మళ్లీ వార్తల ఛానెల్‌కి రావడం, ఈ మూడూ ఎవరూ చెప్పకుండా రెండు మూడు రోజులు చేసి చూడండి. హాయిగా అనిపిస్తే మీకు సరిపోతుంది. లేదంటే మీరు చూసే నాలుగైదు ఛానెళ్లకు ఉన్న టీవీయే చాలు, పక్కింట్లో ఏముందన్నది మీకు అనవసరం.

కొంటే నెలవారీ ఖర్చు ఎంత పెరుగుతుందో మీ ప్రశ్నలో ఎక్కడా లేదు. హెచ్‌డీలో సినిమాలూ సీరియళ్లూ చూస్తే గంటకు సుమారు 3 జీబీ డేటా అవుతుంది, అంతకన్నా స్పష్టంగా ఉండే 4కే అయితే 7 జీబీ దాకా. రోజుకు నాలుగు గంటలు హెచ్‌డీలో చూసినా నెలకు 360 జీబీ. ఫోన్ డేటాతో ఇది సాగే పని కాదు, ఇంటికి వేరే కనెక్షన్ పెట్టించుకోవాలి, దానిమీద ఒకటో రెండో సబ్‌స్క్రిప్షన్లు. టీవీ వాయిదా 18 నెలలకు తీరిపోతుంది, ఇవి తీరవు. పెన్షన్‌లోంచి ఇవి పోగా మిగిలేది ఎంతో కాగితం మీద రాసుకోండి.

పైగా తెర బాగున్నా అందులోని యాప్‌లు ముందే ముసలివైపోతాయి. 2012, అంతకుముందు వచ్చిన కొన్ని టీవీల్లో 2015లో యూట్యూబ్ యాప్ ఆగిపోయింది. 2010, 2011 నాటి కొన్ని శాంసంగ్ టీవీల్లో 2019 డిసెంబరు నుంచి నెట్‌ఫ్లిక్స్ రావడం మానేసింది. అలాంటి వస్తువు కోసం అప్పేమిటండీ? మీ పాత టీవీ వెనక హెచ్‌డీఎంఐ పోర్టు (బొమ్మా శబ్దమూ ఒకే తీగతో అందుకునే సాకెట్) ఉంటే, దానికి తగిలించే స్ట్రీమింగ్ స్టిక్, అంటే మామూలు టీవీలో ఇంటర్నెట్ వీడియోలు చూపించే చిన్న పరికరం, కొనుక్కున్నా ముచ్చట తీరుతుంది, టీవీ ధరలో చాలా తక్కువకే వస్తుంది. ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటగడితే తీసుకోకండి.

పిల్లలకు నిజంగా కొనిపెట్టాలని ఉంటే రొక్కం పెట్టి వాళ్లనే కొనమనండి, ఇంటర్నెట్ బిల్లు కూడా వాళ్లే కట్టేలా. ఇలా అడగడానికి మీరు మొహమాటపడతారని తెలుసు. కొనుక్కోమని పోరుతున్నది వాళ్లే కదా, అడగడంలో తప్పేం లేదు.

టీవీ ఎవరు కొన్నా సరే, అందులో మీ కార్డు వివరాలు పెట్టొద్దు, కొనుగోళ్లకు పిన్ పెట్టించుకోండి. యాప్‌లో లాగిన్ అయ్యేటప్పుడు తెర మీద యాక్టివేషన్ కోడ్ కనిపిస్తే నెట్‌లో వెతికి దొరికిన నంబరుకు ఫోన్ చేయకండి. యాక్టివేట్ చేస్తామని డబ్బు గుంజే మోసగాళ్లు సరిగ్గా మీలాంటి కొత్తవాళ్ల కోసమే కాచుకుని ఉంటారు. అసలైన యాప్‌లు ఆ కోడ్‌కి డబ్బు అడగవు.

మీ ఫోన్ ఈఎంఐ ఎప్పుడు పూర్తవుతుందో రాయలేదు. అది పూర్తయిన మరుసటి నెల నుంచి అంతే మొత్తాన్ని వేరే ఖాతాలో వేస్తూ రండి. మెచ్యూర్ అయిన డిపాజిట్‌లోంచి తొమ్మిది నెలల ఖర్చులు పక్కన పెట్టుకున్నాక, ఈ ఖాతాలో టీవీకి సరిపడా చేరిన రోజున షాపుకి వెళ్లండి. ఈలోగా ఆరోగ్య బీమా పాలసీ తీసి, అందులో మీ ఆవిడ పేరు ఉందో లేదో, రెన్యువల్ తేదీ ఎప్పుడో ఒకసారి చూసుకోండి.