ఎన్నారై సందేహాలు: డాలస్‌లో మొదటి ఇల్లు

డాలస్ చుట్టుపక్కలకు కొత్తగా వచ్చిన మనవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: "హెచ్1బీ మీద ఉన్నాం, గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుందో తెలీదు. ఇల్లు కొనొచ్చా?"

కొనొచ్చు. హెచ్1బీ వాళ్లకు మామూలు కన్వెన్షనల్ లోన్ దొరుకుతుంది. 3.5 శాతం డౌన్ పేమెంట్‌తో, ప్రభుత్వ బీమాతో వచ్చే ఎఫ్‌హెచ్‌ఏ లోన్ మాత్రం 2025 మే 25 నుంచి సిటిజన్లకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు తప్ప దాదాపు ఎవరికీ ఇవ్వడం లేదు. మీకంటే ముందొచ్చిన స్నేహితులు దానిమీదే కొన్నామని చెబితే, వాళ్ల రోజుల్లో అది నిజమే.

అయితే నేను తిరిగి ఒకటి అడుగుతాను. రేపు ఉద్యోగం పోతే ఎన్ని నెలలు ఈ ఇంటికి కట్టగలరు? హెచ్1బీ మీద ఉద్యోగం పోయినవాళ్లకు ఇంకోటి వెతుక్కోవడానికి 60 రోజుల వరకే గడువు. ఆ 60 రోజుల్లో ఇల్లు అమ్ముడుపోయి డబ్బు చేతికి రావడం కష్టం. అందుకే డౌన్ పేమెంటూ, క్లోజింగ్ (సంతకాలు చేసి కొనుగోలు పూర్తిచేసే రోజు) ఖర్చులూ పోగా కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో మిగలాలంటాను. మిగలకపోతే ఇంకో ఏడాది అపార్ట్‌మెంట్‌లో ఉండండి. ఫ్రిస్కోలో, ప్రాస్పర్‌లో తోటివాళ్లు గృహప్రవేశం ఫొటోలు పెడుతుంటే మనసు లాగుతుంది, నాకూ తెలుసు. అయినా ఆగండి. ఇంకో సంగతి: ఇండియాకు వెళ్లిపోయి, ఇక్కడి పన్ను లెక్కల్లో నాన్ రెసిడెంట్ అయ్యాక ఇల్లు అమ్మితే, సాధారణంగా అమ్మకం ధరలో 15 శాతం పన్ను కింద ముందే పట్టేస్తారు. తర్వాత రిటర్న్ వేసి, ఎక్కువ పట్టిందేదో వెనక్కి తెచ్చుకోవాలి. వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు విమానం ఎక్కకముందే సీపీఏతో (పన్నుల అకౌంటెంట్‌తో) మాట్లాడుకోవాలి.

బ్యాంకు ఎంత లోన్ ఇస్తానంటే అంత ధరలో ఇల్లు చూడటం మనవాళ్లలో ఎక్కువ. మీ ఇంట్లో డేకేర్ ఫీజు ఎంతో, ఊరికి నెలనెలా ఎంత పంపుతారో బ్యాంకు లెక్కలో ఉండదు. ఆ లెక్క మీరే వేసుకోవాలి. టెక్సస్‌లో ఆ లెక్క తేలేది ప్రాపర్టీ టాక్స్ దగ్గర.

ఇక్కడ స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదని సంబరపడతాం కానీ, ఊళ్లూ స్కూళ్లూ నడిచేది చాలావరకు ఇళ్లమీద వేసే పన్నుతోనే. ఒక ఉదాహరణ చూడండి. ఇల్లు 5 లక్షల డాలర్లు, 20 శాతం కట్టి మిగతా 4 లక్షలు 30 ఏళ్లకు 6.5 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. అసలూ వడ్డీ కలిపి నెలకు దాదాపు 2,528 డాలర్లు. టాక్స్ రేటు 2.2 శాతం అనుకుంటే, కింద చెప్పే ఎగ్జెంప్షన్ లెక్కలోకి తీసుకోకుండా, ఏడాదికి 11,000, నెలకు 917. ఇన్సూరెన్స్ ఏడాదికి 4,000 అనుకుంటే నెలకు 333. మొత్తం 3,778, పైన హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్లవాళ్ల సంఘం) ఫీజు వేరే.

కొత్త ఇల్లు కొన్నవాళ్లు జాగ్రత్తగా చూడాల్సింది ఇక్కడే. పన్ను కోసం విలువ కట్టేది జనవరి 1 నాటికి అక్కడ ఏముందో చూసి. ఆ రోజుకు ఖాళీ ప్లాటే ఉంటే ఆ ఏడాది పన్ను నేలకే పడుతుంది. ప్లాటు విలువ లక్ష అనుకుంటే ఏడాదికి 2,200, నెలకు 183. లెండర్ దాన్ని బట్టే ఎస్క్రోలో (పన్ను, ఇన్సూరెన్స్ కోసం మీ దగ్గర నెలనెలా తీసుకుని ఉంచే ఖాతాలో) పట్టుకుంటే మొదట నెలకు 3,044 కడుతూ హాయిగా ఉంటారు. మరుసటి ఏడాది పూర్తి ఇంటికి 11,000 బిల్లు వస్తుంది. తక్కువపడ్డ 8,800 పన్నెండు నెలల్లో రాబట్టుకుంటూ, కొత్త పన్నూ కలిపి, నెలకు దాదాపు 4,511 కట్టమని ఉత్తరం వస్తుంది. ఆ ఉత్తరం చూసి నిద్రపట్టని ఇళ్లు చాలానే ఉన్నాయి. విరుగుడు తేలికే: ఎస్క్రోను పూర్తి ఇంటి విలువ మీదే లెక్కకట్టమని క్లోజింగ్‌కు ముందే లెండర్‌ను అడగండి. కుదరదంటే ఆ తేడాను మీరే నెలనెలా విడిగా దాచండి.

సెలైనా, ప్రిన్స్‌టన్, ఫోర్నీ వైపు ఊరి చివర వెలిసే కమ్యూనిటీల్లో మడ్ (MUD), పిడ్ (PID) అనే అదనపు పన్నులు ఉండొచ్చు. రోడ్లు, నీళ్లు, డ్రైనేజీల కోసం చేసిన అప్పును అక్కడి ఇళ్లవాళ్ల దగ్గర వసూలు చేసే ఏర్పాటు అది. ఇల్లు తక్కువకు వస్తోందంటే ముందు టాక్స్ రేటు మొత్తం ఎంతో కాగితం మీద చూపించమనండి.

ఇంట్లో దిగగానే హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్‌కు (సొంతంగా ఉండే ఇంటికిచ్చే పన్ను మినహాయింపుకు) అప్లై చేయండి. స్కూల్ టాక్స్ లెక్కలో ఇంటి విలువ నుంచి 1,40,000 డాలర్లు తీసేస్తారు. 2025లో ఓటర్లు దీన్ని లక్ష నుంచి పెంచారు. తర్వాతి సంవత్సరాల్లో పన్ను వేసే విలువ ఏటా 10 శాతానికి మించి పెరగకుండా ఆపు కూడా ఉంటుంది. సిటిజన్ కానక్కర్లేదు, డ్రైవింగ్ లైసెన్స్ మీద ఆ ఇంటి అడ్రసు ఉంటే చాలు. కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో (ఇళ్లకు విలువ కట్టే ఆఫీసులో) ఇది ఉచితం. డబ్బిస్తే మేం చేసిపెడతామంటూ ప్రభుత్వ ఉత్తరాల్లా కనిపించేవి పోస్టులో వస్తాయి, వాటికి పైసా పంపకండి. విలువ ఎక్కువ కట్టారనిపిస్తే మామూలుగా మే 15 లోపు ప్రొటెస్ట్ వేయొచ్చు.

డౌన్ పేమెంట్‌కు అమ్మానాన్నలు ఇండియా నుంచి పంపుతుంటే ముందుగా తెప్పించుకోండి. లెండర్ రెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు చూస్తాడు, పెద్ద మొత్తం పడితే ఎక్కడిదని అడుగుతాడు, గిఫ్ట్ లెటర్ కావాలంటాడు. ఇండియా నుంచి ఒక్కొక్కరు ఏడాదికి 2.5 లక్షల డాలర్ల వరకు పంపొచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన భాగం మీద 20 శాతం టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) కడతారు, అది వాళ్ల రిటర్న్‌లో సర్దుకుంటుంది. మీకు ఏడాదిలో లక్ష డాలర్లు దాటి వస్తే ఇక్కడ ఫారం 3520 (విదేశాల నుంచి వచ్చిన గిఫ్టును తెలియజేసే ఫారం) వేయాలి. పన్నేమీ ఉండదు, కానీ వేయకపోతే పెనాల్టీ గట్టిగా ఉంటుంది.

మోడల్ హోమ్‌లో నవ్వుతూ పలకరించే సేల్స్ మనిషి బిల్డర్ తరఫు మనిషి. మీ ఏజెంట్‌ను మొదటిసారి వెళ్లినప్పుడే వెంట తీసుకెళ్లాలి. కొత్త ఇల్లయినా సొంత ఇన్‌స్పెక్టర్‌ను పెట్టండి: ఫౌండేషన్ కాంక్రీట్ పోసేముందు, గోడలకు షీట్‌రాక్ (జిప్సం పలకలు) కొట్టేముందు, తాళాలు తీసుకునేముందు. ఏడాది వారంటీ ముగిసేలోపు, పదకొండో నెలలో ఇంకోసారి. ఈ ఖర్చు దగ్గర బేరాలాడొద్దు. గ్రానైటు రంగు తర్వాతైనా మార్చుకోవచ్చు, షీట్‌రాక్ వెనకాల ఉన్నది మళ్లీ కనబడదు. పాత ఇల్లయితే కాంట్రాక్టులో ఆప్షన్ పీరియడ్ తప్పకుండా పెట్టించండి. ఆ రోజుల్లో ఏ కారణం చెప్పకుండానే వెనక్కి తగ్గొచ్చు, ఆప్షన్ ఫీజు మాత్రమే పోతుంది.

ఇక నేల. డాలస్ కింద చాలాచోట్ల ఉన్నది మన గుంటూరు, కర్నూలు వైపు నల్లరేగడి లాంటి మట్టి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దానిమీదున్న కాంక్రీటు పలక కూడా దాంతోపాటే కదులుతుంది. తలుపులు పట్టేయడం, కిటికీ మూలల నుంచి గోడ ఏటవాలుగా పగలడం దాని గుర్తులు. జులై, ఆగస్టుల్లో ఇంటి చుట్టూ గోడకు అడుగున్నర దూరంలో సోకర్ హోస్ (నీళ్లు సన్నగా చెమర్చే పైపు) పరిచి, మీ ఊరి నీళ్ల నిబంధనలు చూసుకుని, మట్టి పగుళ్లివ్వకుండా తడుపుతూ ఉండాలి. వాననీరు గోడ దగ్గర నిలవకుండా గటర్లు, వాలు చూసుకోవాలి. పచ్చిక ఎండిపోయినా మళ్లీ వస్తుంది, ఫౌండేషన్ రిపేరు వేల డాలర్ల పని.

వసంతంలో వడగళ్లు పడతాయి. ఇన్సూరెన్స్‌లో గాలి, వడగళ్ల డిడక్టిబుల్ (నష్టంలో ముందు మీరే భరించాల్సిన భాగం) తరచుగా శాతంలో ఉంటుంది: 5 లక్షల కవరేజీకి 2 శాతమంటే పైకప్పు మార్చేటప్పుడు 10,000 మీ జేబులోంచే. ప్రీమియం తక్కువని సంతకం పెట్టేముందు ఆ లైను చదవండి. వాన వెలిసిన మర్నాడు తలుపు తట్టి "డిడక్టిబుల్ మేమే చూసుకుంటాం" అనే కాంట్రాక్టర్లు వస్తారు. టెక్సస్‌లో అది చట్టవిరుద్ధం.

ముహూర్తం పట్టింపు ఉన్నవాళ్లు, ఉంటే తప్పేం లేదు, ఆ మాట కాంట్రాక్టు రాసేరోజే చెప్పాలి. ఇళ్లు ఎక్కువగా చేతులు మారే జూన్, జులైలలోనే మనకు మామూలుగా ఆషాఢం వస్తుంది. వడ్డీ రేటు లాక్ (రేటు మారకుండా లెండర్ పట్టి ఉంచే) గడువు దాటితే పొడిగించడానికి అదనంగా కట్టాల్సి రావచ్చు. క్లోజింగ్ సంతకాలు ముందే చేసి, పాలు పొంగించడం శ్రావణంలో పెట్టుకోండి. హోమం చేస్తుంటే అలారం కంపెనీకి ముందే ఫోన్ చేసి టెస్ట్ మోడ్‌లో పెట్టించాలి, లేకపోతే మంత్రాల మధ్యలో ఫైరింజన్ వస్తుంది.

వంటింట్లో పొయ్యిమీది హుడ్ గాలి బయటికి వెళ్తుందా, మళ్లీ గదిలోకే వదులుతుందా అన్నది కట్టేటప్పుడే అడగండి. మన తిరగమోతకు రెండోది పనికిరాదు. డబ్బు పెట్టాల్సిన మరో చోటు కింది అంతస్తులో పూర్తి బాత్‌రూమ్‌తో ఒక పడకగది. అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలుంటే, మోకాళ్ల నొప్పులతో రోజూ మెట్లెక్కడం వాళ్లకు శిక్ష. ఆ బాత్‌రూమ్‌లో టబ్ బదులు అడుగు తేలిగ్గా పెట్టగల షవర్, గోడకు పట్టుకునే కడ్డీ పెట్టించండి. వాళ్లు నడిచి వెళ్లేంత దూరంలో పార్కో, నాలుగు తెలుగు కుటుంబాలో ఉన్నాయేమో కొనేముందే సాయంత్రంపూట ఆ వీధిలో తిరిగి చూసుకోండి.