అట్టతో టైగర్ ట్యాంకు: మొదట చక్రాలు కోయండి

"1:25 స్కేలులో టైగర్ ట్యాంకు అట్టతో చేయాలనుంది. ఇదే మొదటిది. బాడీ అంతా పెట్టెలాగే ఉంది కదా, తేలికేనా?" అని అడిగారు. నేనూ సరిగ్గా అదే అనుకుని దిగాను. బాడీ నాలుగు సాయంత్రాల్లో లేచి నిలబడింది. మిగతా దానికి పదకొండు నెలలు పట్టింది.

మీరన్నది అబద్ధం కాదు. సోవియట్ ట్యాంకు టీ-34కి ఉన్నట్టు రెండో ప్రపంచ యుద్ధం నాటి ఈ జర్మన్ ట్యాంకుకు పక్కల వాలు పలకలు లేవు, కోతలన్నీ దాదాపు తిన్నగానే ఉంటాయి. చిక్కంతా కింద ఉంది. తొలి రకం టైగర్‌కు ఒక్కో వైపు 8 ఇరుసులు, ఇరుసుకు 3 చక్రాలు. రెండు వైపులా కలిపి 48. పైగా ఒకదాని సందులోకి ఒకటి దూరి ఉంటాయి. దాదాపు 57 టన్నుల బరువు నేల మీద సమంగా పడాలని అలా పెట్టారు. లోపలి చక్రం పాడైతే పాపం ఆ సిబ్బంది ముందు బయటివన్నీ విప్పాల్సి వచ్చేది. అట్ట బండిలో ఆ విప్పే భాగ్యం కూడా ఉండదు. ఒకసారి అంటించాక లోపలి చక్రానికి కుంచె అందదు కాబట్టి రంగు వేసి ఆరాకే బిగించండి.

టైగరే కావాలంటే 1944 ఫిబ్రవరి నుంచి వచ్చిన రకం ఎంచుకోండి. ఉక్కు చక్రాలు, ఇరుసుకు రెండే, మొత్తం 32. దానికి ఇంకో మేలూ ఉంది. అయస్కాంత మందుపాతరలు అతుక్కోకుండా అప్పట్లో పైన జిమ్మెరిట్ అనే గరుకు పూత పూసేవారు. తెల్ల జిగురులో సుద్దపొడి కలిపి పలుచగా రాసి, తడి మీదే దువ్వెన పళ్ళతో గీతలు లాగితే అచ్చం అలాగే వస్తుంది. అతుకుల లోపాలన్నీ దాని కింద మాయం. నాలాంటి వాళ్ళకు అంతకంటే ఏం కావాలి!

చక్రాలకు 1 మి.మీ. అట్ట బిళ్ళలు రెండు మూడు పొరలుగా అంటించండి. అసలు చక్రం 800 మి.మీ., కాబట్టి మనది 32. కత్తెరతో గుండ్రంగా రాదు. కాస్త పెద్దగా కోసి, మధ్యలో పుల్ల గుచ్చి, చిన్న డ్రిల్లుకు బిగించి తిప్పుతూ ఉప్పు కాగితం ఆనించాలి. అంచులకు ముందే పలుచని సూపర్ గ్లూ పీల్పిస్తే అట్ట పొరలు లేవదు. కిటికీ తెరిచి చేయండి, ఆ ఆవిరి కళ్ళు మండిస్తుంది.

నన్ను నిజంగా ఏడిపించింది ట్రాకు, అంటే చక్రాల చుట్టూ తిరిగే లింకుల పట్టా. వైపుకు 96 లింకులు, ఒక్కోటి 5.2 మి.మీ. నేను కోసిన ప్రతి లింకూ 0.1 మి.మీ. ఎక్కువొచ్చింది. కంటికి ఆనని తేడా. అన్నీ కలిపాక 9.6 మి.మీ., అంటే దాదాపు రెండు లింకులు మిగిలి కింద వేలాడాయి. ఇప్పుడు పది లింకులు కోయగానే వరుసగా పేర్చి కొలుస్తాను. 52 మి.మీ. రాకపోతే అక్కడే ఆగి కొలత సరిచూసుకుంటాను.

బాడీ దగ్గర ఒక్కటే జాగ్రత్త, అట్ట మందం. నేను పక్కలకు 2 మి.మీ. అట్ట వాడి, అడుగు పలకలోంచి ఆ మందం తీసేయడం మరిచాను. బాడీ 4 మి.మీ. వెడల్పయింది. అసలు బండిలో అది పది సెంటీమీటర్లు. టరెట్, అంటే పైన తిరిగే ఫిరంగి గది, దాని గోడ గుర్రపు నాడాలా వంగి ఉంటుంది కాబట్టి లోపలి వైపు దగ్గర దగ్గరగా గాట్లు పెట్టి వంచండి. ఫిరంగి గొట్టానికి సన్నని ఊచ చుట్టూ కాగితం చుట్టాలి. కాగితం ఏ వైపు తేలిగ్గా చుట్టుకుంటుందో ముందు చూసుకోండి, రెండో వైపు చుడితే ముడతలు పడుతుంది.

ఫొటోల కోసం వెతికితే ఎక్కువగా ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ మ్యూజియం టైగర్ 131 కనిపిస్తుంది. 1943లో ట్యునీషియాలో పట్టుబడిన బండి. అది తొలి రకం. రబ్బరు చక్రాలు, పైన డబ్బాలాంటి కమాండర్ గూడు, జిమ్మెరిట్ లేదు. నేను దాన్ని చూస్తూ ఉక్కు చక్రాల బండికి ఆ గూడే పెట్టాను. ఇప్పటికీ అలాగే ఉంది, పీకితే టరెట్ పైకప్పు కూడా ఊడొస్తుందని.