మూడో పేరా మళ్లీ రాయమ్మా

ప్రియమైన అమ్మాయికి,

నార్వే రచయిత క్నూట్ హామ్సున్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. చాలా బాగుంది. కానీ మూడో పేరాలో "కళని కళాకారుడి నుంచి విడదీసి చూడాలి" అని ఒక్క వాక్యం రాసేసి ముందుకి వెళ్లిపోయావు. అక్కడ నా మనసు చివుక్కుమంది.

ఆయన 1890లో రాసిన 'ఆకలి' నవల నిన్ను ఎందుకు కదిలించిందో నాకు తెలుసు. తిండి లేక అల్లాడుతున్న ఆ కుర్రాడు మాంసం కొట్టుకి వెళ్లి, కుక్కకి వేస్తానని అబద్ధం చెప్పి ఎముక అడుగుతాడు. చాటుకి పోయి ఆ పచ్చి ఎముకని తనే కొరుక్కుంటాడు. నాకే కావాలని చెప్పలేని ఆ అభిమానం ఉందే, అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

అది రాసిన మనిషే 1943లో తన నోబెల్ పతకాన్ని నాజీల ప్రచార మంత్రి గోబెల్స్‌కి పంపాడు. 1945 మేలో హిట్లర్‌ని మానవజాతి కోసం పోరాడిన యోధుడని పొగుడుతూ పత్రికలో నివాళి రాశాడు. పెద్ద వయసు, చెవుడు అని నువ్వు సర్దిచెప్పావు. అప్పటికి ఆయనకి 85 ఏళ్లు, నిజమే. చెవుడూ నిజమే. మరి 1935 సంగతేంటి? నాజీల నిర్బంధ శిబిరంలో మగ్గుతున్న జర్నలిస్టు కార్ల్ ఫాన్ ఒసియెట్‌స్కీని తప్పుపడుతూ అప్పుడే పత్రికలకెక్కాడు కదా. ఎముక కొరికే కుర్రాడి బాధ అంత తెలిసినవాడికి శిబిరంలో ఉన్న మనిషి బాధ ఎందుకు పట్టలేదు? ఈ ప్రశ్న నీ వ్యాసంలో లేదు. పెట్టు. జవాబు దొరక్కపోయినా పర్లేదు.

ఇలాంటి కళాకారులు బతికుంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మన మెచ్చుకోలు వాళ్లకి అండ అవుతుంది, ఫిర్యాదు చేసినవాళ్ల నోరు నొక్కుతుంది.

ఇరవై ఏళ్ల కిందట నేనూ ఈ తప్పు చేశాను. భార్యని కొడతాడని మా అందరికీ తెలిసిన ఒక కవి పోతే, సంస్మరణ సంచికకి నాలుగు పేజీలు రాశాను. కరుణ, ఆర్ద్రత, అన్నీ కురిపించాను. సంచిక ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని నా ఎదురుగానే మొత్తం చదివింది. మడిచి పక్కన పెట్టి, "టీ తాగుతారా బాబూ" అంది. గ్లాసు అందిస్తున్నప్పుడు చూశాను, ఆవిడ ఎడమ చేతి వేళ్లు రెండు వంకరగా అతుక్కుని ఉన్నాయి. ఆ కవిత్వం నాకు ఇప్పటికీ గొప్పదే. నా వ్యాసం మాత్రం పచ్చి అబద్ధం.

నీ చేత ఆ పని చేయించలేను. 'ఆకలి'ని అటకెక్కించమనీ అనను. ఒసియెట్‌స్కీ సంగతి ఎముక సన్నివేశం పక్కనే రాయి, కింద ఫుట్‌నోట్‌లో కాదు. ఆ సన్నివేశం మీద నువ్వు రాసిన పేజీలో ఒక్క మాట కూడా తీసెయ్యొద్దు. వచ్చే ఆదివారం లోపు పంపితే చదివి ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు