బంబుల్‌బీల కడుపు చదువుతానంటే పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ పూర్తి చేసింది. నీట్ మళ్లీ రాయనంటోంది. పెట్టెల్లో పెంచే బంబుల్‌బీల (తేనెటీగల జాతికి దగ్గరి, నూగున్న బొద్దు కీటకాలు) పేగుల్లోని బ్యాక్టీరియా మీద పరిశోధన చేస్తుందట. దీంతో బతుకుతెరువు ఉంటుందా? – ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, మీ అమ్మాయిది పిచ్చి ఊహ కాదు. యూరప్‌లో గ్రీన్‌హౌస్ టమాటా పూలలో పరాగసంపర్కానికి 1980ల చివరి నుంచే బంబుల్‌బీలను పెంచి అమ్ముతున్నారు. ప్యూపా (రెక్కలొచ్చే ముందు దశ) నుంచి అప్పుడే బయటికొచ్చిన బంబుల్‌బీ కడుపులో బ్యాక్టీరియా దాదాపు ఉండదు. గూటిలోని తోటివాటి మలం ద్వారానే చేరుతుంది. ఆ మలం అందకుండా విడిగా పెంచినవాటికి క్రిథీడియా అనే పరాన్నజీవి ఎక్కువగా సోకిందనీ, అందినవి బాగా తట్టుకున్నాయనీ 2011లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు చూపించారు. పెంపకంలో ప్రోబయోటిక్, అంటే మేలుచేసే బ్యాక్టీరియాను అందించే ఆలోచనకు బలం అక్కడిదే. అలాగని మన పెరుగులోని బ్యాక్టీరియా కలిపి పెడితే నిలవదు. స్నాడ్‌గ్రాసెల్లా, గిల్లియమెల్లా లాంటివి ఈ కీటకాల పేగులకే అలవాటుపడ్డ రకాలు. ల్యాబ్‌లో ఆక్సిజన్ తగ్గించి, ఓపిగ్గా పెంచాలి.

చిక్కల్లా ఒక్కటే. మన దేశంలో బంబుల్‌బీలు ఎక్కువగా హిమాలయాల వైపే ఉంటాయి. మీ ఇంటి దూలానికి కన్నం పెట్టే నల్ల తుమ్మెద వేరే జాతి. హిమాచల్‌లోని సోలన్ దగ్గరి నౌనీ యూనివర్సిటీలో స్థానిక బంబుల్‌బీని పెంచే పని జరిగింది గానీ, హైదరాబాద్‌లో కూర్చుని దాన్నే నమ్ముకుంటే కష్టం.

కాబట్టి డిగ్రీలో బంబుల్‌బీని కాదు, మైక్రోబయాలజీని పట్టుకోమనండి. పేగు బ్యాక్టీరియాను వేరుచేయడం, లెక్కపెట్టడం, నిల్వచేయడం వచ్చినవాళ్లకు ఇక్కడే గిరాకీ ఉంది. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో చల్లేదీ, కోళ్ల దాణాలో కలిపేదీ ప్రోబయోటిక్ పొడే. ప్యాకెట్ మీద రాసినన్ని బతికున్న బ్యాక్టీరియా లోపల ఉన్నాయో లేదో చూడటానికే మనుషులు కావాలి.

ఎప్‌సెట్ ర్యాంకు బాగుంటే రాజేంద్రనగర్ వ్యవసాయ వర్సిటీలో నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్, ఆపైన ఎంటమాలజీలో (కీటకశాస్త్రం) ఎమ్మెస్సీ. పరాగ కీటకాలే ప్రాణమనుకుంటే నేనైతే ఇదే అంటాను. ర్యాంకు రాకపోతే దోస్త్ (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ ప్రవేశాలు) ద్వారా మైక్రోబయాలజీ ఉన్న బీఎస్సీ, తర్వాత పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఎమ్మెస్సీ. ఫీజు తక్కువే కానీ, ఉత్త బీఎస్సీతో ఆగితే జీతం మీరనుకున్నంత ఉండదు. పరిశోధన అంటే పీహెచ్‌డీ దాకా చదవాలి, అది ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి.

దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేముందు కాలేజీకి వెళ్లి ల్యాబ్ చూపించమనండి. ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములను చంపే యంత్రం), లామినార్ ఫ్లో (శుభ్రమైన గాలి వీచే పని బల్ల) రోజూ నడుస్తున్నాయో, గుడ్డ కప్పి మూలన పెట్టారో సీనియర్లను అడిగితే చెప్పేస్తారు.