ఆ చెక్కు తేదీ రాకముందే ఆసుపత్రికి వెళ్లండి

ప్రశ్న: నాన్నగారి గుండె ఆపరేషన్‌కు 5.20 లక్షల బిల్లయింది. ఆఫీసు పాలసీ 3 లక్షలు ఇచ్చింది. 1.20 లక్షలు క్రెడిట్ కార్డు మీద, 40 వేలు లోన్ యాప్‌లో తెచ్చి కట్టాను. మిగిలిన 60 వేలకు వచ్చే నెల తేదీ వేసి ఆసుపత్రికి చెక్కు ఇచ్చాను. జీతం 48 వేలు, ఇంటి ఖర్చు 35 వేలు, చీటీ 10 వేలు. బంగారం తాకట్టు పెట్టడానికి మనసొప్పడం లేదు. చెక్కు కోసం ఇంకో యాప్‌లో తీసుకోనా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: వద్దండీ, యాప్‌లో ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు. ఆసుపత్రి బాకీ ఒక్కటే ఉంటే అది సిబిల్‌లోకి (మన అప్పుల చరిత్ర నమోదయ్యే చోటికి) ఎక్కేది కాదు, వడ్డీ మీద వడ్డీ పడేదీ కాదు. దాన్ని కార్డుకూ యాప్‌కూ మార్చి మీరే ప్రమాదం పెంచుకున్నారు. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతమైతే 4,200, దానిపై జీఎస్టీ 756. కనీస మొత్తమని 6,000 కడితే అసలు తగ్గేది 1,044 మాత్రమే. చీటీ పోగా మీకు మిగిలేది 3 వేలు. ఆ 6,000 ఎక్కడినుంచి తెస్తున్నారు?

అన్నిటికన్నా ముందు చెక్కు. అది బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కిందికి వస్తుంది. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే కేసు వేయొచ్చు. రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా పడొచ్చు. ఈ వారమే బిల్లింగ్ విభాగానికి వెళ్లి వాయిదాలు కావాలని రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకుంటే చెక్కు వెనక్కి తీసుకుని, వాయిదాల తేదీలు రాసిన కాగితంపై ముద్ర వేయించుకోండి. నోటిమాట మీద వదిలేసి రావద్దు, వాళ్లు చెక్కును బ్యాంకులో వేసేయొచ్చు.

కార్డు, యాప్ బాకీలు రెండూ బ్యాంకు బంగారు రుణంతో ఒకేసారి తీర్చేయండి. 1.60 లక్షలకు ఏడాదికి 10 శాతమనుకుంటే నెల వడ్డీ సుమారు 1,330. ఇక్కడ మనసును పక్కన పెట్టక తప్పదు.

అసలు లోపం పాలసీ చిన్నది కావడం కాదు, అత్యవసరానికి చేతిలో డబ్బు లేకపోవడం. పెద్ద పాలసీ ఉన్నా గ్లౌజుల్లాంటి వాటికీ, గది అద్దె పరిమితి దాటినందుకు కోసేదానికీ, ఇంటికొచ్చాక మందులకూ చాలాసార్లు చేతి డబ్బే కావాలి. చీటీలో ఉందిలే అనుకుంటారు చాలామంది. అర్ధరాత్రి అడ్వాన్సు కట్టమన్నప్పుడు చీటీ పాట ఉండదు. మీ ఖర్చుకు ఆరు నెలల అత్యవసర నిధి అంటే 2.10 లక్షలు. చీటీ చేతికి రాగానే ఆ డబ్బులోంచి ముందు రెండు నెలల ఖర్చు, 70 వేలు, ఏటీఎం కార్డు లేని విడి ఖాతాలో వేసి, నాన్నగారి వైద్యానికి తప్ప ముట్టుకోకండి. మిగతాది బంగారు రుణానికి కట్టండి. ఆ అప్పు తీరిన నెల నుంచే, అంతవరకు దానికి నెలనెలా కట్టిన మొత్తాన్ని ఆ ఖాతాకు మళ్లించండి.